కథ నడిచిన వీధుల్లో మనమూ నడుద్దాం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



కవులు మసలిన, సినిమాలు చూపిన చోట్లకు జనాన్ని నడిపించి ఆ కథలు చెప్పే అలవాటు చాలా నగరాల్లో ఉంది. మన హైదరాబాదులోనూ అలాంటి దారి ఉంది. ఒక ఆదివారం మా ఉర్దూ మీడియం పిల్లల్ని ఆ దారిన తీసుకుపోయాను. 1591 నాటి చార్మినార్ దగ్గర బయలుదేరి, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి, మదీనా దాటి మూసీ ఒడ్డున సిటీ కాలేజీ చేరాం. మఖ్దూం మొహియుద్దీన్ సాహెబు పాఠాలు చెప్పిన కాలేజీ అది. "ఆయనా మీలాగే మాస్టారా సార్!" అని పిల్లలు సంబరపడ్డారు.

ఆయన గజల్ ఒకటి 1982లో సాగర్ సర్హదీ తీసిన 'బాజార్'లో ఉంది. ఆ పాట మనకు నోటికొచ్చు. కథ మాత్రం మరిచాం. హైదరాబాదు పేదింటి పిల్లను, ఆమె మనసు పడ్డవాణ్ణి కాదని, గల్ఫ్‌లో సంపాదించుకొచ్చిన పెద్ద వయసువానికి కట్టబెడతారు. చివరకు పిల్ల ప్రాణమే పోతుంది.

ఇది చెబుతుంటే ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఆమెను ఎవరూ అడగలేదా?"

నాకు నోట మాట రాలేదు.

పిల్ల ఒప్పుకోనిదే నిఖా చెల్లదని మనందరికీ తెలుసు. తెలిసీ ఎన్ని ఇళ్లలో నిజంగా అడుగుతున్నాం?

కనుక నా మనవి ఒక్కటే. మన సంఘం ఏటా ఇలాంటి నడక ఒకటి పెట్టాలి. పిల్లలతోపాటు తండ్రులూ రావాలి. రాళ్లూ గోడలూ చూసి తిరిగొస్తే చాలదు. ఇంటికెళ్లాక కూతురిని కూర్చోబెట్టుకుని, "నీకేం కావాలమ్మా?" అని అడగాలి.

సెలవు.