మూత్రములో నెత్తురు: ఒక అరుదైన కారణము

న్యాల్‌కల్ పొలములలో ఎండకు పనిచేసి వచ్చినవారికి మూత్రము మంటగా పోయినచో "వేడి చేసినది" అని సబ్జా నీళ్ళు, మజ్జిగ ఇత్తుము. అందు తప్పు లేదు. నెత్తురు పడినప్పుడు మాత్రము వేడి మాట తలపెట్టరాదు. దానికి రాళ్ళు మొదలగు కారణములు పెక్కులు గలవు. నేడు మేము చెప్పబోవునది మిక్కిలి అరుదైనది.

మూత్రపిండమునుండి మూత్రాశయమునకు దిగు సన్నని గొట్టమే మూత్రనాళము. కటిభాగమున అది, పెద్దకాలువపైగా పోవు పిల్లకాలువవలె, కాలికి నెత్తురు కొనిపోవు పెద్ద ధమనిని దాటును. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు వంటి జబ్బులకు శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు పొంది, ఆపై మూత్రము దిగుటకై నాళములో స్టెంటు నెలల తరబడి ఉంచుకొన్నవారిలో ఆ రెండు గోడలును అరిగి, నడుమ రంధ్రము పడవచ్చును. 1908లో మోష్కోవిట్జ్ అను వైద్యుడు దీనిని మొదట వర్ణించెను.

చిక్కేమనగా, ఈ నెత్తురు ఒకనాడు కనిపించి, మరునాడు తనంత తానే ఆగును. ఇంటివారు ఊరటపడుదురు. స్కానులో సయితము రంధ్రము పలుమారులు కనబడదు. తీరా స్టెంటు మార్చు సమయమున నెత్తురు ఒక్కసారిగా ఉరుకును. అప్పుడు జాగు ప్రాణాంతకము. పూర్వము కడుపు కోసి ధమనిని కట్టవలసివచ్చెడిది. నేడు తొడవద్ద ధమనిలోనుండి సన్నని గొట్టము పంపి, తొడుగు గల స్టెంటును లోపల పరచి రంధ్రమును మూయుచున్నారు.

జహీరాబాదుకు పోయినను, బీదరుకు పోయినను, పాత కాగితములు వెంట తీసికొనిపొండు. "స్టెంటు ఉన్నది, కిరణములు పెట్టించుకొన్నాము" అని అడుగకముందే చెప్పుడు. అది వినిన వైద్యుడు ధమనిని గూడ శంకించును. స్టెంటు కదపకముందే నెత్తురు సిద్ధము చేయించును.