మన టికెట్టు, మన మీదే నవ్వు

(రాజాంలో సినిమా మీద ఆసక్తి ఉన్న యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా వ్యాపారంలో మనకొక పేరుంది. 'ఉత్తరాంధ్ర ఏరియా'. నైజాం, సీడెడ్ లాగే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ కలిపి ఒక్క రేటు కట్టి హక్కులు అమ్ముతారు. టికెట్ల లెక్కలో మనం ఉన్నాం. మరి తెర మీద ఎక్కడున్నాం? పనిమనిషిగా, వాచ్‌మన్‌గా, హీరో చేత తన్నులు తినేవాడిగా! 'ఏటి బావూ' అనగానే హాలంతా నవ్వాలి. అదీ మనకిచ్చిన వేషం. డబ్బులిచ్చి కూర్చుని మనమూ నవ్వుతున్నాం.

ఇదేమిటని అడిగితే, కళ కడుపు నింపదు, ఇది వ్యాపారం అంటారు. సరే, వ్యాపారమే మాట్లాడుకుందాం.

1994లో 'ఎర్రసైన్యం' ఆడింది. అందులో పెద్ద స్టార్లెవరూ లేరు. ఆ డబ్బు చూసి పెద్ద బ్యానర్లు కూడా ఎర్రజెండా కథలకు ఎగబడ్డాయి. ఊపు తగ్గగానే ఇంకో సరుకు వెతుక్కున్నాయి. ఆర్. నారాయణమూర్తి మాత్రం అక్కడే నిలబడ్డారు. 2015లో వచ్చిన 'టెంపర్'లో వేషం ఇస్తామన్నా వద్దన్నారు. ఆయన సినిమాలన్నీ గొప్పవని మేం అనం. కొన్నింటిలో ఉపన్యాసం ఎక్కువ, కథ తక్కువ. (ముందు వరసలో పెద్దలకు కోపం వస్తున్నట్టుంది!) కానీ అమ్ముడుపోకుండా బతకొచ్చని చూపించిన మనిషి.

మన పార్వతీపురం పక్క పెదబొండపల్లి బిడ్డ వంగపండు ప్రసాదరావు సంగతి చూడండి. ఆయన పాట 1986లో 'అర్ధరాత్రి స్వాతంత్ర్యం'లో జనం పాటగా వచ్చింది. 2009లో ఆ పల్లవి మాటలే 'మగధీర'లో డాన్సు పాటలోకి దూరాయి. నన్నడగలేదని వంగపండు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. హీరో నోట సంభాషణగా పనికిరాని మన యాస, స్టెప్పులెయ్యడానికి పనికొచ్చిందన్నమాట!

మన యాసలో సినిమా ఆడదా? 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'లో ఆ పేట జనమే నటులు. అమెరికాలో డాక్టరుగా ఉన్న పరుచూరి ప్రవీణ డబ్బు పెట్టి, తానూ ఒక వేషం వేశారు. జనం చూశారు, మెచ్చుకున్నారు. అయితే ఒక మాట మరవొద్దు. సినిమా పూర్తయ్యాక సురేష్ ప్రొడక్షన్స్ భుజాన వేసుకుంది కాబట్టి హాళ్లు దొరికాయి. 2020 మార్చిలో 'పలాస 1978' వచ్చింది. కులం గురించి శ్రీకాకుళం మాటలోనే మాట్లాడింది. కొద్ది రోజులకే కరోనాతో హాళ్లు మూతపడ్డాయి.

తెలంగాణ యాస కూడా ఏళ్ల తరబడి విలన్లకూ కమెడియన్లకే. 2017లో 'ఫిదా' కథానాయిక అదే యాసలో మాట్లాడితే, ఇదే ఉత్తరాంధ్ర ఏరియాలో మనం టికెట్లు కొని చూశాం. అర్థం కాలేదని ఎవరైనా అన్నారా?

కాబట్టి రేపు నిర్మాత మీతో, 'హీరోకి మామూలు తెలుగు పెట్టు, యాస వాడి ఫ్రెండుకి పెట్టు' అంటే, ఆ ఒక్క దగ్గర బేరమాడొద్దు. పాట పెట్టమంటే పెట్టండి, ఫైటు పెట్టమన్నా ఆలోచించండి. అందులో పాపం లేదు. హీరో తన అమ్మతో మాట్లాడే మాట మాత్రం మార్చొద్దు.

ఇక హాలు. ఆట ఖాళీగా పోయినా పూర్తి అద్దె కట్టమంటే చిన్న సినిమా రెండో రోజుకే చస్తుంది. వసూలులో వాటా పద్ధతైతే నాలుగు రోజులు నిలుస్తుంది. రోజుకొక్క ఆట, అదీ వాటా మీద, మన కుర్రాళ్ల సినిమాకివ్వమని రాజాం హాళ్లవాళ్లను అడుగుదాం. వచ్చే ఆదివారం మేమూ వస్తాం. ఎంతమంది వస్తారో ఇప్పుడే పేర్లివ్వండి.