మంచులో లారీ దీపం

 

2021 డిసెంబర్ 25న నింగికెగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు వందలకొద్దీ చిన్న ఎర్రచుక్కల్ని చూపింది. వాటిలో ఎక్కువ భాగం విశ్వానికి నూటయాభై కోట్ల ఏళ్లు నిండకముందువి. వర్ణరేఖల వెడల్పు కొలిచి, వాటిలో కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలాలు ఉన్నాయన్నారు. అంత త్వరగా ఎలా పెరిగాయి?

బిలం చుట్టూ దట్టమైన హైడ్రోజన్ వాయువు కమ్ముకుని ఉందని ఇప్పుడు చాలామంది అంటున్నారు. అది ఎక్స్ కిరణాల్ని మింగేస్తుంది. అందులోని ఎలక్ట్రాన్లు వెలుగును చెదరగొట్టి రేఖల్ని వెడల్పు చేస్తాయి. ధనుర్మాసపు మంచులో దర్శి రోడ్డు మీద లారీ దీపం పెద్దదిగా కనిపించినట్టు!

అదే నిజమైతే బరువులు తగ్గించి రాయాలి. ఇంకా తేలలేదు. లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ చేయమని ఈ బడిలో మాస్టార్లు చెప్పిందీ అదే.