దారిన పోయేవారి లెక్క

విమానం భద్రమా, కారు భద్రమా అన్న ప్రశ్న వస్తే మనం ప్రయాణికుల గురించే ఆలోచిస్తాం. టికెట్ కొన్నవారు, స్టీరింగ్ పట్టినవారు ఎంతో కొంత ముప్పుకు ఒప్పుకున్నవారే. ఏ వాహనమూ ఎక్కకుండా దారిన పోయే మనిషి దేనికీ ఒప్పుకోలేదు. ఈ రోజు అతని వైపు నిలబడి లెక్క చూద్దాం.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం వైద్య కళాశాల హాస్టల్ మీద కూలింది. విమానంలోని 241 మందితో పాటు కింద ఉన్న 19 మంది చనిపోయారు. దేశమంతా కుమిలిపోయింది, అది న్యాయమే. మరి రోడ్డు సంగతి? కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులు. అంటే రోజుకు దాదాపు 90 మంది. అహ్మదాబాద్‌లో నేల మీద పోయిన ప్రాణాలకు నాలుగు రెట్లకు పైగా ప్రాణాలు మన రోడ్ల మీద ప్రతిరోజూ, ఏ సంతాప తీర్మానమూ లేకుండా పోతున్నాయి.

వాహనాలు కోట్లలో ఉంటే విమానాలు కొన్ని వందలే కదా, మొత్తాలను పోల్చడం సరికాదని మీరు అనవచ్చు. రెండు యంత్రాల్లో ఏది మెరుగని తేల్చాలంటే ఆ అభ్యంతరం సరైనదే. కిలోమీటరుకు ఎన్ని మరణాలన్నది ప్రయాణికుడి కొలమానం, ఎందుకంటే ఆ కిలోమీటరు వల్ల లాభం పొందేది అతనే. పక్కనున్న మనిషికి ఆ దూరంతో పని లేదు. తన వీధిలో తనకెంత ముప్పు ఉందన్నదే అతనికి కావాలి. వాహనాలు పెరిగిన కొద్దీ ఆ ముప్పు పెరుగుతుందే తప్ప, కిలోమీటర్లతో భాగించినంత మాత్రాన తరగదు.

పాదచారులే అడ్డదిడ్డంగా రోడ్డు దాటుతారన్నది మరో మాట. కొంత నిజమే. అయితే విమానయానంలో పైలట్ పొరపాటు బయటపడినా దర్యాప్తు అక్కడ ఆగదు. తప్పు ఎవరిదో తేల్చడం కోసం కాదు, మళ్లీ జరగకుండా చూడడం కోసమే దర్యాప్తు అని అంతర్జాతీయ నియమం చెబుతోంది. అహ్మదాబాద్ ప్రమాదంపై నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదిక వచ్చింది. రోడ్డు మీద చనిపోయిన మనిషికి మిగిలేది చాలాసార్లు ఒక ఎఫ్ఐఆర్, ఒక బీమా దావా. అక్కడ కాలిబాట ఎందుకు లేదు, వీధి దీపం ఎందుకు వెలగలేదు, బస్టాప్‌కు ఎదురుగా దాటే చోటు ఎందుకు పెట్టలేదు అని అడిగేవారు అరుదు.

విమానాలకు పెట్టే ఖర్చు ప్రతి వీధికీ పెట్టలేం అంటారు. అంత అక్కర్లేదు. ఢీకొట్టే కారు వేగం గంటకు 50 నుంచి 65 కిలోమీటర్లకు పెరిగితే పాదచారి చనిపోయే ముప్పు నాలుగు రెట్లకు పైగా పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడులు, ఇళ్లు ఉన్న వీధుల్లో వేగం తగ్గించడానికి కావలసింది స్పీడ్ బ్రేకర్లు, ఇరుకు చేసిన మలుపులు, వాటిని గీయగల ఇంజినీరు. పట్టాలు అందుకుంటున్న యువ ఇంజినీర్లారా, రేపు మీలో కొందరి బల్ల మీదికి రోడ్డు వెడల్పు చేసే నక్షా వస్తుంది. అందులో వాహనాల సంఖ్య ఉంటుంది. రోజుకు ఎంతమంది నడుస్తారు, ఎక్కడ దాటుతారు అన్న లెక్క లేకపోతే సంతకం పెట్టకుండా దాన్ని వెనక్కి పంపండి.