ఓడ పట్టికలలో మన పూర్వికులు

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రానికి ఇంత దూరాన, చెరువులను నమ్ముకొని బ్రతికే కోలారు సీమలో ఓడల ప్రసక్తి ఎందుకని మీకు తోచవచ్చు. సుగటూరు పేరు వినగానే చరిత్ర చదివినవారికి పాళెగారు తమ్మేగౌడ, ఆయన వంశస్థులు గుర్తుకు వస్తారు. పాలకుల పేర్లను శాసనాలు నిలిపాయి. వారి ఏలుబడిలో మడి దున్నినవాని పేరు, చెరువుకట్టకు మన్ను మోసినవాని పేరు ఎవరు వ్రాశారు? అటువంటి సామాన్యులలో కొందరి పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు ఒకే పంక్తిలో కాగితానికెక్కింది వారు దేశాంతరం పోవడానికి ఓడ ఎక్కిన సందర్భంలోనే. అందువల్ల ఓడ పట్టికలు మన చరిత్రకు కూడా ఆధారాలే.

బ్రిటిష్ వలసరాజ్యాలలో 1833 నాటి చట్టంతో బానిసత్వం తొలగిపోనుండగా, చెరకు తోటల యజమానులు కూలీల కోసం మన దేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడ కలకత్తా నుండి కూలీలను మారిషస్‌కు చేర్చింది. 1860 అక్టోబరులో చెన్నపట్నం నుండి 342 మందితో బయలుదేరిన ‘ట్రూరో’ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. 1911 జూలైలో చివరి ఓడ ‘ఉమ్లాజి’ చేరేనాటికి ఆ నేటాల్ రాజ్యానికి ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది చెన్నపట్నం రేవులో ఓడ ఎక్కినవారే. 1903 నుండి ఫిజీ దీవులకు కూడా అక్కడి నుండి ఓడలు నడిచాయి.

నేటాల్‌కు అధికంగా జనాన్ని పంపిన జిల్లాలలో ఉత్తర ఆర్కాటు ముఖ్యమైనది. నేటి చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. అవి మన పొరుగూళ్లు. మన వియ్యాలవారి ఊళ్లు. 1864 నాటికే బెంగళూరు నుండి జోలార్‌పేట మీదుగా చెన్నపట్నానికి రైలు మార్గం ఏర్పడింది. మన బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, ఆ మార్గం మీదిదే. 1876–78 నాటి ఘోర క్షామం మైసూరు సంస్థానంలో లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. తరువాత 1880 నుండి కోలారు బంగారు గనులు అభివృద్ధి చెందినప్పుడు, ఆ ఉత్తర ఆర్కాటు సీమవారే వేలాదిగా గనులలో దిగారు. కొందరిని ఆకలి భూగర్భానికి దింపితే, కొందరిని సముద్రం దాటించింది.

ఇక అన్వేషణ విధానం. నేటాల్ చేరిన ప్రతి వ్యక్తికీ ఒక వరుస సంఖ్య ఇచ్చారు. అక్కడ పుట్టిన పిల్లల జనన పత్రాలలో, వివాహ పత్రాలలో తల్లిదండ్రుల సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్య దొరికితే ఓడ పేరు, చేరిన తేదీ తెలుస్తాయి. ఓడ పట్టికలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం వరుసగా ఉంటాయి. మారిషస్‌కు పోయినవారి పత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఫిజీవారి పత్రాలు సువాలోని జాతీయ భాండాగారంలో ఉన్నాయి.

ప్రయాణికుడుగా కాక నావికుడుగా పోయిన పూర్వికుని కోసం వెదికేవారు వేరే పత్రాలు చూడవలసి ఉంటుంది. ఓడ అధికారికీ పనివారికీ జరిగిన ఒప్పందాలవి. 1863 తరువాతి బ్రిటిష్ ఓడల ఒప్పందాలలో అధిక భాగం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయానికి చేరింది. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు నావికులు ఎంత ప్రసిద్ధులంటే, బర్మాలోను మారిషస్‌లోను తెలుగువారినందరినీ ఆ రేవు పేరుతోనే పిలిచేవారు.

అయితే పట్టికలో వ్రాసినదంతా వేదవాక్కు కాదు. తెలుగు పేరును తెలుగు రాని గుమాస్తా చెవితో విని ఆంగ్ల లిపిలో వ్రాశాడు. వయస్సు చాలావరకు అంచనా. మనకు ముఖ్యమైన ఇంటిపేరు అందులో తరచుగా ఉండదు. అక్కడి సంతతికి తాత పేరే వంశనామమైపోయింది. కనుక పేరు ఒక్కటి కలిసినంత మాత్రాన ‘మా తాతే’ అని నిర్ణయించరాదు. పేరు, తండ్రి పేరు, గ్రామం మూడూ కలిసినప్పుడే నమ్మకం కుదరాలి.

ఆ మనిషి పడిన పాట్లను కూడా పట్టిక చెప్పదు. 1871లో గడువు ముగించుకొని తిరిగివచ్చినవారు తమ కడగండ్లను చెప్పుకోగా, 1872లో నేటాల్‌లో విచారణ సంఘం ఏర్పడింది. అటువంటి నివేదికలను కూడా కలిపి చదివినప్పుడే, పంక్తిలోని సంఖ్య వెనుక ఉన్న మనిషి మనకు కనిపిస్తాడు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఆ వలసపోయినవారి మునిమనుమలు అయిదారు తరాల తరువాత, చేత ఒక కాగితం పట్టుకొని, మన ఊళ్లు వెదుక్కుంటూ వస్తున్నారు. వారి వద్ద సముద్రం ఆవలి సగం ఉంది. ఈవలి సగం మన వద్ద ఉండాలి. ఉన్నదా? పాత క్రయపత్రాలు, పట్టాలు, దేవాలయపు లెక్కలు, తాతమ్మల నోటి మాటలు, ఇవే ఆ సగం. వీటిని చెదలకు, మరపుకు వదలివేస్తే వచ్చినవారు గుమ్మం దాకా వచ్చి వెనుదిరగవలసి ఉంటుంది.

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన తరువాత ఎన్నో కుటుంబాలు పలుచోట్లకు చెదరిపోయాయి. రేపు వారి పిల్లలు కూడా ఇట్లే వెదకవలసి వస్తుంది. విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ: పాఠశాల ప్రవేశ పుస్తకంలోని గడులు ఓడ పట్టిక గడులను పోలినవే. అక్కడ కూలికి పోయేవాని పేరు వ్రాశారు; ఇక్కడ చదువుకు వచ్చేవాని పేరు వ్రాశారు. ఆ తేడాలోనే డెబ్బది అయిదేండ్ల ఈ పాఠశాల సార్థకత ఉన్నది.

కనుక నా విన్నపం మూడు మాటలు. ఉపాధ్యాయులు పాత ప్రవేశ పుస్తకాలకు ప్రతులు తీయించి, మూలాలను భద్రపరచాలి. పూర్వ విద్యార్థులు ఆ వ్యయభారాన్ని పంచుకోవాలి. తల్లిదండ్రులు తమ పిల్లలచేత నాలుగు తరాల పేర్లు, ఊళ్లు తెలుగులోనే వ్రాయించాలి. మన పేరును మనమే సరిగా వ్రాసుకొంటే, పరాయి గుమాస్తా చెవి మీద ఆధారపడవలసిన అవసరం మన సంతతికి కలుగదు.