బాబాయిగారి బెంజి ఎంత చేస్తుంది?

(మహాసభల్లో చేసిన ప్రసంగ పాఠం)

వృత్తికి నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని, చదివింది మెకానికల్. ఇరవై ఏళ్ళుగా కోడ్ రాసుకుని బతుకుతున్నా, ఆ చదువు శనివారాల్లో గరాజులో బయటపడుతూ ఉంటుంది. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. నిర్వాహకులకు ఆ సంగతి తెలిసే కాబోలు, నాకీ పావుగంట ఇచ్చారు.

నిరుడు మా డిట్రాయిట్ శివార్లలో, మేమంతా బాబాయిగారని పిలుచుకునే పెద్దాయన పోయారు. డెబ్బైల్లో డాక్టరుగా వచ్చినవారు. ఆయన 1989 మెర్సిడెస్ 560 ఎస్ఈఎల్ గరాజులో ఉండిపోయింది. కొన్నాళ్ళకి పిన్నిగారు ఫోన్ చేశారు.

"ఇదెంత చేస్తుందో చూసి చెప్పు నాయనా. ఒకాయన అరవై వేలంటాడు. ఇంకొకాయన నాలుగు వేలిచ్చి తోలుకుపోతానంటున్నాడు."

ఆవిడ ఇల్లు అమ్మి టెక్సాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళాలి. నెలాఖరుకి గరాజు ఖాళీ చెయ్యాలి.

రెండు లెక్కలూ తప్పే. అరవై వేలన్నాయన ఎక్కడో వేలంలో, బొత్తిగా తిరగని బండికి పలికిన ధర చూశాడు. కానీ 1979 నుంచి 1991 దాకా ఈ తరం ఎస్ క్లాస్ సెడాన్లు ఎనిమిది లక్షలకు పైగా తయారయ్యాయి. పాతదే గాని, అపురూపమైనది కాదు.

నాలుగు వేలన్నాయన మాత్రం తెలివైనవాడు. ఆ ఐదున్నర లీటర్ల వి8 ఇంజనులో టైమింగ్ చెయిన్‌ని దారిలో ఉంచే ప్లాస్టిక్ గైడ్లుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ వేడికి అప్పడంలా పెళుసెక్కుతాయి. ఒకటి విరిగి చెయిన్ కింద పడిందా, చెయిన్ పళ్ళు తప్పుతుంది, వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి, ఇంజను పోతుంది. ముందే మార్పిస్తే పోయేది రెండు మూడు వేలు. మార్చారో లేదో పైకి కనిపించదు కనుక, మార్చలేదనుకునే కొనేవాడు బేరమాడతాడు.

ఇంకో సంగతి. కొత్తలో ఈ కారు వెల డెబ్బై వేల డాలర్లకి దగ్గర. ఇప్పుడు పదివేలకే దొరికినా, రిపేరు బిల్లు మాత్రం డెబ్బై వేల కారుకి వచ్చినట్టే వస్తుంది. ఏసీ ఎవాపరేటర్ కారితే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. సామాను ఖర్చు కొంచెం, కూలి కొండంత. 2014 దాకా ఉత్తర్‌పరాలో తయారైన మన అంబాసిడర్‌ని రోడ్డు పక్క మేస్త్రీ నాలుగు స్పానర్లతో బాగుచేసేవాడు. బెంజికి ఆ యోగం లేదు. (ఖర్చుకి భయపడేవాళ్ళకి నా సలహా: మొదటి తరం లెక్సస్ ఎల్ఎస్ 400 చూడండి. 1989లో 35 వేలకే వచ్చింది. హోదా తక్కువ, నిద్ర ఎక్కువ.)

పిన్నిగారి అబ్బాయి కారు ఉంచుకుందామన్నాడు. షీటు వేసి చూపించాను. ఇన్సూరెన్సు, బ్యాటరీ, ఆయిలు, పెట్టుకునే చోటుకి అద్దె కలిపి, రిపేర్లు లేకుండానే ఏడాదికి రెండు వేలు. టైర్లు కొత్తవిలా మెరుస్తున్నాయి గాని, పక్కన అచ్చైన అంకెలు 3109. అంటే 2009లో ముప్ఫై ఒకటో వారంలో చేసినవి, హైవే ఎక్కడానికి పనికిరావు. అబ్బాయి మరి మాట్లాడలేదు. పోనీ బాగుచేయించి అమ్ముదామా అంటే, మెకానిక్ చెప్పింది ఎనిమిది వేలు. పెట్టినా ధర పదహారుకి మించదు. వద్దన్నాను.

"పోనీలే, ఆ నాలుగు వేలకే ఇచ్చేద్దాం," అన్నారు పిన్నిగారు.

"బాబాయిగారు బిల్లులేమైనా దాచేవారా?" అని అడిగాను.

"బోలెడు. రేపు చెత్తబండికి వెయ్యడానికి బయట పెట్టించాను."

పరుగెత్తాను. రెండు అట్టపెట్టెలు. ఆయిలు మార్చిన ప్రతి తేదీ, ప్రతి మైలేజీ ఆయన చేతిరాతతోనే ఉంది. అడుగున 2006 నాటి బిల్లు: టైమింగ్ చెయిన్, గైడ్లు, టెన్షనర్. చలికాలం ఉప్పు రోడ్డెక్కించేవారు కాదని కూడా ఆ రాతల్లోనే తేలింది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక్క మైలూ పెరగలేదు.

ఆ బిల్లుల ఫొటోలతో ప్రకటన ఇచ్చాం. ఏసీ పనిచెయ్యదనీ, టైర్లు మార్చాలనీ దాచకుండా రాశాం. తొమ్మిదో రోజున ఒహాయో నుంచి ఒకాయన వచ్చి, కారుకంటే ముందు పెట్టెలు చూశాడు. పదకొండున్నర వేలిచ్చాడు.

మీ గరాజులోనూ ఇలాంటి కారుంటే, ఆ కాగితాలెక్కడున్నాయో ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి. వెల కట్టడంలో సాయం కావాలంటే, మధ్యాహ్నం భోజనాల హాలు ఎడమవైపు గుమ్మం దగ్గరుంటాను. కారు ఫొటో అక్కర్లేదు, బిల్లుల ఫొటో పట్టుకురండి.