విద్యుత్ వెల్డింగ్ పనిలో భద్రత: మన హక్కు, మన విధి

(వర్క్‌షాపు శాఖల కార్యకర్తల శిక్షణ తరగతిలో ఫెడరేషన్ బాధ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో మమ్ములను వేతనముల గురించియో, పింఛను గురించియో మాట్లాడుమందురని అనుకొన్నాము. నిర్వాహకులు వెల్డింగ్ మిషన్ గురించి మాట్లాడుమన్నారు. మొదట ఆశ్చర్యపడినాము, తరువాత సంతోషించినాము. ఏలయనగా ఇది చాలా కాలముగా మేము మీతో చెప్పుకొనవలసియున్న విషయము.

లాలాగూడ క్యారేజి వర్క్‌షాపులోనైనను, విజయవాడ చెంతనున్న రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులోనైనను, తెలుగువారు తరతరములుగా పనిచేయుచున్న ఖరగ్‌పూర్‌లోనైనను ఆర్కు వెలుగు లేకుండ పని సాగదు. తపాలా సోదరులు ఇది తమకు సంబంధించినది కాదని అనుకొనరాదు. మెయిల్ మోటార్ సర్వీసు వ్యాను ఛాసిస్ విరిగినను, తలుపు కీలు ఊడినను అతుకు వేయునది ఈ మిషనే. ఆ అతుకు మీద నమ్మకముంచియే డ్రైవరు రాత్రి వేళ టపా సంచులతో బయలుదేరుచున్నాడు.

ముందుగా ఒక సంగతి చెప్పవలెను. ఇది 2003 జూలై మాసములో జరిగినది. ఏ వర్క్‌షాపో చెప్పుట మా ఉద్దేశము కాదు. అప్పుడు మేము అక్కడి శాఖకు సహాయ కార్యదర్శిగా ఉన్నాము. రెండు దినములుగా ముసురు పట్టియున్నది. రెండవ షిఫ్టులో మూత వ్యాగన్ లోపల నేల రేకుకు అతుకు వేయుటకు ఒక వెల్డరు ఎక్కినాడు. ఇరువది సంవత్సరముల అనుభవము గలవాడు. లోపల గాలి లేదు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకొన్నది. తోలు గ్లౌజులు నానిపోయినవి. హోల్డరు పిడి పగిలి, దానిపై టేపు చుట్టబడియున్నది. ఆయన మోకాళ్ళపై కూర్చుండి, ఒక చేయి రేకుకు ఆనించి, కాలిన రాడ్డు ముక్కను తీసి క్రొత్త రాడ్డు పెట్టుచుండగా కరెంటు పట్టినది. బయట నిలువవలసిన ఖలాసీని వేరు పనికి పంపియున్నారు. ఎంతసేపటికి ఇతరులు చూచినారో ఎవరును చెప్పలేకపోయినారు. ఆస్పత్రికి చేరునప్పటికే ప్రాణము పోయినది.

విచారణ నివేదికలో "మృతుని స్వీయ అజాగ్రత్త" అని వ్రాసినారు. మేము మండిపడినాము. స్టోర్సుకు పోయి ఇండెంటు పుస్తకము తీయించినాము. క్రొత్త హోల్డర్లకై ఇండెంటు పెట్టి ఏడు నెలలు దాటినది, హోల్డర్లు రాలేదు. అప్పుడు అమలులోనున్న 1923 నాటి పరిహార చట్టము ప్రకారము, పనిలో ప్రమాదమువలన మరణము సంభవించినప్పుడు, ఆజ్ఞ మీరినాడనియో, రక్షణ సాధనము వాడలేదనియో చెప్పి యజమాని పరిహారము నిరాకరింపజాలడు. కావున కుటుంబమునకు పరిహారము వచ్చినది. నివేదికలోని ఆ ఒక్క మాటను మార్పించుటకు మాత్రము పదునాలుగు నెలలు పట్టినది.

ఆయన భార్య మమ్ములను ఒక్కటే అడిగినది: "అన్నా, ఆ పిడి పగిలిందని మీకు ముందే తెలుసా?"

తెలుసును. ఆ షెడ్డులో అందరికిని తెలుసును. ఆ రాత్రి శాఖ కార్యాలయమునకు పోయి మా మినిట్సు పుస్తకము తిరుగవేసినాము. కరువు భత్యముపై తీర్మానమున్నది. క్వార్టర్లపై, క్యాంటీనుపై, బదిలీలపై తీర్మానములున్నవి. హోల్డర్లపై ఒక్క వాక్యము లేదు. యాజమాన్యము ఏడు నెలలు నిద్రించినమాట నిజమే. ఆ ఏడు నెలలును మేము వారిని లేపలేదు. ఈనాటి మా ప్రసంగమునకు కారణమిదియే.

ఇక అసలు విషయమునకు వత్తము. "మెయిన్‌లో 415 ఉంటుంది గాని, హోల్డర్‌లో ఏముంటుంది? చిమచిమలాడుతుంది, అంతే" అను మాట ప్రతి షెడ్డులోను విందుము. ఈ మాటయే మనలను చంపుచున్నది. ఆర్కు వెలుగుచున్నప్పుడు హోల్డరువద్ద వోల్టేజి సుమారు 20 నుండి 30 వోల్టులు మాత్రమే. ఆర్కు ఆరిన వెంటనే అది మిషన్ రకమును బట్టి 50 నుండి 100 వోల్టుల మధ్యకు పెరుగును. అనగా మెరుపు కనపడునప్పటికంటె, మెరుపు లేనప్పుడు, రాడ్డు మార్చుచున్నప్పుడు షాకు ప్రమాదమెక్కువ. మన సోదరుడు పోయినది ఆ క్షణముననే.

లెక్క చూడుడు. పొడి చర్మము కరెంటును చాలవరకు అడ్డగించును. చెమటతో తడిసిన శరీరపు నిరోధము వేయి ఓముల దరికి దిగవచ్చును. 80 వోల్టులను వేయితో భాగించిన 80 మిల్లీ ఆంపియర్లు. ఏసీ కరెంటు పది, పదునైదు మిల్లీ ఆంపియర్లు దాటినంతనే కండరములు బిగిసి, పట్టిన చేయి వదలదు. యాబది దాటి ఛాతీ గుండా ఒకటి రెండు సెకనులు పారినచో గుండె లయ తప్పవచ్చును. ఇంటిలోని ట్రిప్ స్విచ్ మనలను కాపాడునట్లు ఇచ్చట కాపాడదు. ట్రాన్స్‌ఫార్మరు రెండవ వైపున జరుగు షాకు మొదటి వైపునున్న ట్రిప్పునకు తెలియదు.

అందువలన పని మొదలుపెట్టుటకు ముందు ఐదు నిమిషములు మనవి. మెయిన్ వైరు, ప్లగ్గు, మిషన్ బాడీ ఎర్తు సరిగా ఉన్నవో లేవో చూడవలెను. లోపమున్నచో ఎలక్ట్రీషియనును పిలువవలెను గాని మనము మూత విప్పరాదు. వెల్డింగ్ కేబులు పొడవునను తడిమి చూచి, రాగి తీగ బయటపడినచోట పని ఆపవలెను. లగ్గులు బిగువుగా ఉండవలెను. వదులైన లగ్గు కాలును. హోల్డరు పిడి, దవడలు పూర్తిగా ఇన్సులేషను కలిగియుండవలెను. టేపు చుట్టిన హోల్డరు హోల్డరు కాదు. కేబులును మెడకు, భుజమునకు చుట్టుకొనరాదు. రాడ్డును చంకలో పెట్టుకొను అలవాటు మానవలెను. వేడెక్కిన హోల్డరును నీటి బక్కెటులో ముంచుట ఆత్మహత్యతో సమానము. ప్రక్క ప్రక్కన ఇద్దరు వెల్డర్లున్నచో ఒకరి హోల్డరును, వేరొకరి హోల్డరును ఏకకాలమున తాకరాదు. రెండు మిషన్ల కనెక్షన్లను బట్టి వాటి నడుమ వోల్టేజి రెట్టింపు వరకు ఉండవచ్చును.

ఇరుకు చోటున, తడి చోటున పొడి చెక్క పలక గాని, రబ్బరు చాప గాని క్రింద వేసికొనవలెను. రెండవ జత పొడి గ్లౌజులు దగ్గర ఉండవలెను. వీలైనచో ఏసీ మిషనుకు బదులు డీసీ మిషను వాడవలెను. ఆర్కు లేని సమయమున వోల్టేజిని తగ్గించి ఉంచు పరికరములు నేడు లభించుచున్నవి. వానిని మనము అడిగి తెప్పించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, స్విచ్చు చేతికందు దూరమున ఒక మనిషి కేవలము చూచుచు నిలువవలెను. ఆ మనిషిని ఎవరు పిలిచినను కదలనీయరాదు. షాకు తగిలినచో అతడు మొదట స్విచ్చు ఆపవలెను, ఆపకముందు తాకరాదు. ఊపిరి, స్పృహ లేకున్నచో ఛాతీ నడుమ రెండు అరచేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుచు, 108 బండి వచ్చువరకు ఆపరాదు.

మన వెల్డర్లు రిటర్ను కేబులును "ఎర్తు" అందురు. పేరు అదే గనుక దానిని ఎక్కడ తగిలించినను చాలునను భ్రమ ఏర్పడినది. రిటర్ను క్లాంపు అతుకు పడు చోటుకు దగ్గరగా, రంగు, తుప్పు గీకిన శుభ్రమైన లోహముపై పట్టవలెను. క్లాంపును పట్టాకు తగిలించి వ్యాగన్ బాడీపై అతుకు వేసినచో వందల ఆంపియర్లు చక్రపు రోలరు బేరింగు గుండా పారును. రోలర్లపై గుంటలు పడును. ఆ నాడు ఏమియు కనపడదు. కొన్నాళ్ళకు లైనుపై హాట్ యాక్సిల్ కావచ్చును. క్రేను గొలుసు, వైరు రోపు రిటర్ను దారిగా మారినచో అవి లోలోపల కాలి, బరువెత్తినప్పుడు తెగవచ్చును. కాగా ఇది వెల్డరు ఒక్కని భద్రత మాత్రమే కాదు. ప్రయాణికుల భద్రత కూడ.

కన్నుల మాటకు వత్తము. ఆర్కులోని అతినీలలోహిత కిరణములు కంటి పై పొరను కాల్చును. బాధ వెంటనే తెలియదు; కొన్ని గంటల తరువాత, సాధారణముగా నడిరాత్రి, కన్నులలో ఇసుక పోసినట్లు మండును. హెల్పర్లు దీనికి ఎక్కువ బలియగుదురు. వారికి షీల్డు ఇచ్చువారు లేరు. పాలు, బంగాళాదుంప ముక్కలు వేసికొని ఊరకుండక డాక్టరు వద్దకు పోవలెను. సాధారణముగా ఒకటి రెండు దినములలో నయమగును. కాని ఆ సెలవు పని గాయపు సెలవుగా వ్రాయించుకొనవలెను. 100 నుండి 200 ఆంపియర్ల పనికి సాధారణముగా 10 నుండి 12 నంబరు నల్లద్దము వలెను. గాగుల్సు చాలవు, ముఖము, మెడ కూడ కప్పవలెను. స్లాగ్ కొట్టునప్పుడు తెల్ల అద్దము తప్పనిసరి. చుట్టును తెరలు కట్టినచో దారిన పోవు వారి కన్నులు కూడ దక్కును. నూలు బట్టలు ధరించవలెను. పాలిస్టరు కరిగి చర్మమునకు అంటుకొనును. ప్యాంటు అంచు మడచినచో నిప్పురవ్వ అందులో దాగును.

పొగ సంగతి మనవారు పట్టించుకొనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుష్యులలో క్యాన్సరు కలిగించు వానిలో చేర్చినది. జింకు పూత రేకును కాల్చినచో ఆ సాయంత్రము చలిజ్వరము వచ్చును. ట్రైక్లోరోఎథిలీను వంటి క్లోరిను గల గ్రీజు తుడుచు ద్రవములున్న చోట ఆర్కు వెలిగించినచో ఫాస్జీన్ అను ప్రాణాంతక వాయువు పుట్టవచ్చును. పూత గీకివేయుట, పొగను మూలముననే లాగు ఫ్యాను, తల పొగలోనికి పెట్టకుండుట, ఇవి రక్షణలు. గాలి చాలని చోట ఆక్సిజను గొట్టము వదలుట రక్షణ కాదు. అది బట్టలను దివిటీలుగా మార్చును.

మెయిల్ మోటార్ వర్క్‌షాపు సోదరులకు ప్రత్యేకముగా ఒక మాట. ఖాళీ డీజిలు ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము కావచ్చును. అడుగున మిగిలిన ఆవిరి, గాలి కలసి బాంబగును. ట్యాంకును పూర్తిగా శుభ్రపరచి, వాయు పరీక్ష జరిపి, అధికారి వ్రాతపూర్వక అనుమతి ఇచ్చిన తరువాతనే రాడ్డు తాకించవలెను. వ్యానుపై పనికి ముందు బ్యాటరీ కనెక్షను విప్పవలెను. పని ముగిసిన తరువాత అరగంట నుండి గంట వరకు నిప్పురవ్వలను కనిపెట్టుటకు ఒక మనిషి ఉండవలెను.

మిత్రులారా, ఇవి ఎవరి దయాధర్మములును కావు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 35వ సెక్షను కన్నుల రక్షణను, 36వ సెక్షను ఇరుకు చోటుల జాగ్రత్తలను, 37వ సెక్షను మండు పదార్థములున్న పాత్రలపై వెల్డింగ్ నిషేధమును యాజమాన్యము బాధ్యతగా విధించినవి. 1987 సవరణ తన భద్రతను గూర్చిన సమాచారమును, శిక్షణను పొందు హక్కును కార్మికునకు ఇచ్చినది. ఆ చట్టము స్థానమున వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌ను పార్లమెంటు 2020లో ఆమోదించినది. చట్టము పేరు మారినను ఎనుబది వోల్టుల స్వభావము మారలేదు. కావున చట్టము మారుటను సాకుగా చూపి రక్షణ తగ్గించుటను మనము ఒప్పుకొనరాదు. కాంట్రాక్టు వెల్డరుకు కూడ అదే గ్లౌజు, అదే అద్దము కావలెనని మనమే అడుగవలెను. అతని జేబులో మన సభ్యత్వ రసీదు లేకపోవచ్చును. కరెంటు రసీదు చూడదు.

ప్రతి శాఖకు మా సూచనలు మూడు. మొదటిది: ప్రతి షెడ్డులో ఒక నోటు పుస్తకము పెట్టి, పగిలిన హోల్డరు, తెగిన కేబులు ఏదైనను తేదీతో వ్రాసి, సూపర్‌వైజరు సంతకము తీసికొనుడు. రెండవది: ప్రతి కార్యవర్గ సమావేశములో మొదటి అంశము భద్రతయే కావలెను. మూడవది: పగిలిన హోల్డరుతో పని చేయనన్న కార్మికుని వెనుక శాఖ మొత్తము నిలువవలెను. అతడు ఒంటరిగా "చేయను" అన్నచో క్రమశిక్షణా చర్య; మనమందరము అన్నచో క్రొత్త హోల్డరు.

ఆ సోదరి అడిగిన ప్రశ్న మరియొక ఇంటిలో మరియొకరు మిమ్ములను అడుగకుండుగాక. ఒకవేళ అడిగినచో, "తెలుసునమ్మా, ఆ నాడే వ్రాసినాము, పని ఆపించినాము" అని చెప్పగల స్థితిలో మీరుండవలెను. రేపు ఉదయము మీ షెడ్డుకు పోగానే మొదట హోల్డర్లను చూడుడు.

సెలవు.